నాయినమ్మకో మతం

మా ఇంట్లో మతం అన్న మాటను ఎదుటివాళ్ళ గురించి చెప్పడానికే వాడేవాళ్ళం. "ఆ మూలింటోల్లు మతంల కలిసిన్రట" అని అమ్మ గొంతు తగ్గించి చెప్పిందంటే, వాళ్ళు ఆదివారం పొద్దున తెల్లబట్టలు కట్టుకుని చర్చికి పోతున్నారని అర్థం. మతమంటే కలిసేది. కలవని మాబోటి వాళ్ళకు మతం ఉండదు, పద్ధతి ఉంటుంది. శనివారం ఒక్కపొద్దు ఉండటం మా పద్ధతి. ఆ రోజు పప్పులో ఉల్లిగడ్డ వేయకపోవడం పద్ధతి. పీర్ల పండుగ నాడు తాత నొసటి మీద నామంతోనే పోయి పీరు ముందర బెల్లం, రొట్టె కలిపిన మలీద ముద్దలు పెట్టి రావడం కూడా పద్ధతే. "ఇదేం మతం?" అని ఎవరైనా ఆయనను అడిగి ఉంటే, "మతమెట్లయితది? మా నాయిన మొక్కిండు, నేను ఇస్తాన" అని కసురుకునేవాడు. అదృష్టం కొద్దీ ఎవరూ అడగలేదు.

అడిగే రాత నా నుదుటి మీద రాసి ఉంది.

వరంగల్‌లో, మట్టెవాడలో మాది బోళ్ళ దుకాణం. ముందర దుకాణం, వెనక ఇల్లు, నడుమ ఒక పరదా. దుకాణంలో ఎవరు ఏ బిందె కొన్నారో వంటింట్లో అమ్మకు తెలిసేది, వంటింట్లో ఏ కూర మాడిందో దుకాణంలో గిరాకీలకు తెలిసేది. తాత గద్దె మీద కూర్చుని, ఒళ్ళో తాంబాలమో గిన్నెనో బోర్లించుకుని, చిన్న ఉలితో చుక్క పక్కన చుక్క పెడుతూ పేర్లు కొట్టేవాడు. పెళ్ళికి గిన్నె కొన్న ప్రతి మనిషికీ దాని మీద తన పేరు ఉండాల్సిందే. పేరు లేని గిన్నె ఇస్తే ఇచ్చినట్టే కాదు. స్టీలు వచ్చి ఇత్తడిని మూలకు నెట్టినా తాత ఉలికి మాత్రం పని తగ్గలేదు. ఆ టకటకల నడుమ కూర్చుని చదివాను కాబట్టే లెక్కల్లో నాకు మార్కులు రాలేదని ఇప్పటికీ నా వాదన. ఎవరూ నమ్మరు.

తాతకు ఒక మాట ఊతపదంలా ఉండేది. "కాయితం మీద రాసింది చీమలు కొరుకుతయి. నోటితోని అన్నది గాలికి పోతది. ఇత్తడి మీద కొడితెనే మాట." గిరాకీకి చెప్పేవాడు, మాకు చెప్పేవాడు, ఎవరూ దొరక్కపోతే గిన్నెకు చెప్పేవాడు.

నాయినమ్మ సంగతి చెప్పాలంటే ముందు మా ఇళ్ళ సంగతి చెప్పాలి. మా కులంలో నామాల ఇళ్ళున్నాయి, విభూతి ఇళ్ళున్నాయి. పిల్లను ఇచ్చి పుచ్చుకోవడానికి అడ్డేమీ లేదు. విభూతి ఇంటి పిల్ల నామాల ఇంటికి కోడలై వస్తే, పెళ్ళి పీటల మీదే అడ్డబొట్టు చెరిపి నిలువుబొట్టు దిద్దుతారు. అంతే, పని అయిపోయింది. మగవాడు మీసం తీయించుకోవాలన్నా ఇంతకంటే ఎక్కువ సేపు ఆలోచిస్తాడు. బతికినన్నాళ్ళూ ఈ రెండు రకాల ఇళ్ళకూ పెద్ద తేడా కనబడదు. చావు దగ్గర కనబడుతుంది. నామాల వాళ్ళను కట్టెల మీద పడుకోబెట్టి కాలుస్తారు. విభూతి వాళ్ళను గుంత తవ్వి, అందులో కూర్చోబెట్టి, విభూతి పోసి పూడుస్తారు.

నాయినమ్మ తొర్రూరు వైపు విభూతి ఇంటి పిల్ల. పన్నెండేళ్ళకు పెళ్ళయి, పుట్టింటి ఇత్తడి చెంబొకటి చేత పట్టుకుని మట్టెవాడకు వచ్చింది. కొత్త పెళ్ళికొడుకు తన పనితనం చూపించాలి కదా. తాత ఆ చెంబును తీసుకుని, ఎవరూ అడగకుండానే దాని మీద పెద్ద నామం కొట్టి ఇచ్చాడట. "మంచిగ కొట్టిండు, అబద్ధమెందుకు చెప్పాలె" అనేది నాయినమ్మ. ఆ చెంబుతోనే ఆమె నీళ్ళు తాగేది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోగా నేనెన్నడూ వినలేదు. ఇటునుంచి ఆయన "ఇనవడ్తాందా?" అనేవాడు, అటునుంచి ఆమె "ఇనవడ్తాందా?" అనేది. ఇద్దరి పేరూ అదే.

డెబ్బైల చివర నేను పదో తరగతి. పరీక్ష ఫారం ఇంటికిచ్చి, తప్పుల్లేకుండా నింపుకుని రమ్మన్నారు. నాకా, క్లాసులో దస్తూరి బాగుంటుందన్న పొగరు. నడిమింట్లో చాప వేసుకుని, కొత్త పెన్నులో సిరా నింపుకుని, మహా గ్రంథం రాయబోతున్నట్టు కూర్చున్నాను. పక్కన నాయినమ్మ ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. ఎనుమాముల దిక్కు నుంచి ఎవరో పంపిన మిరపకాయలు, ఘాటుకు ఇల్లంతా తుమ్ములే. పేరు రాశాను, తండ్రి పేరు రాశాను, తర్వాతి గడి దగ్గర ఆగాను.

"బాపూ, మతమని ఉన్నది. ఏం రాయాలె?" అని అరిచాను.

"హిందూ అని రాయి" అని పరదా అవతలి నుంచి బాపు తుమ్మి చెప్పాడు.

నాయినమ్మ చేతిలోని మిరపకాయ ఆగింది. "గదెందుకు రాయాలె బిడ్డా? మనమేమన్న కలిసినమా?"

అక్కడ నేను ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ మా సోషల్ సారు మతం అంటే ఏమిటో అంతకు ముందు వారమే చెప్పాడు, నాకు నోటికి వచ్చు, వినేవాళ్ళు దొరకడం లేదు. పెన్ను కింద పెట్టి పాఠం మొదలుపెట్టాను. "కలుసుడు గాదు నాయినమ్మా. మతమంటె మూడు సంగతులు. ఎవ్వలను మొక్కుతమో ఒగటి. ఎట్ల బతుకుతమో రెండు. సచ్చినంక ఏమైతదని నమ్ముతమో మూడు. గీ మూడు ఎవ్వలకైతె ఒక్క తీరుగ ఉంటయో వాళ్ళది ఒక మతం."

నాయినమ్మ కారపు వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. "మొక్కుడా, మీ తాత ఎవ్వలను మొక్కుమంటె వాళ్ళను మొక్కిన. బతుకుడా, మీ తాత ఎట్ల బతుకుమంటె గట్ల బతికిన. సచ్చినంకటి సంగతి మాత్రం నాది నేనే అనుకుంటాన. మరి నాకో మతం ఉన్నట్టా, లేనట్టా?"

"మూడింట్ల ఒగటి వేరున్నా వేరే మతమే" అన్నాను, పరీక్షలో పూర్తి మార్కులు వచ్చే జవాబులాగా.

అంతే. నాయినమ్మ పరదా వైపు తిరిగి గొంతెత్తింది. "ఇనవడ్తాందా? నాకో మతం ఉన్నదట!"

ఉలి చప్పుడు ఆగిపోయింది. దుకాణంలో బిందెలు బేరం చేస్తున్న గిరాకీ కూడా నోరు మూశాడు. వంటింట్లోంచి అమ్మ గరిట పట్టుకునే ఉరికి వచ్చింది. "అత్తమ్మా, ఏమాయె? మతంల కలుస్తాన్రా ఏంది!" అని మొత్తుకుంది. తాత పరదా తొలగించి, కళ్ళద్దాల మీది నుంచి చూశాడు. "యాభై ఏండ్ల సంది నామం పెట్టుకుంటానవ్. ఇయ్యాల మతమేంది నీకు?"

"పెట్టుకున్న. నొసలు నీకిచ్చిన. పెయ్యి ఇయ్యలె" అంది నాయినమ్మ, తన ఒళ్ళు చూపించుకుంటూ. "నేను సచ్చిపోతె కాలవెట్టద్దు. మా అవ్వోల్ల తీరుగ నన్ను కూసోవెట్టాలె."

"నీ బొంద!" అన్నాడు తాత, అలవాటు కొద్దీ.

"నేను అడిగేది గదే" అంది నాయినమ్మ, మళ్ళీ మిరపకాయ అందుకుంటూ. గిరాకీ పకపకా నవ్వాడు. బాపు నవ్వలేదు.

నేను ఫారంలో హిందూ అని చక్కగా రాసి ఇచ్చేశాను. బడిలో ఎవరూ దాని వైపు చూడను కూడా చూడలేదు. ఇంట్లో మాత్రం నేనంటించిన అగ్గి అట్లాగే రాజుకుంది. నాయినమ్మ సోమవారం పూట విభూతి పెట్టడం మొదలుపెట్టింది. సోమవారం నాడు పండగ వచ్చిందంటే చూడాలి, నిలువు నామం మీద అడ్డం గీతలు పడి నొసటి మీద తడిక అల్లినట్టుండేది. ఆమె సోమవారం ఒక్కపొద్దు, ఆయన శనివారం ఒక్కపొద్దు. "ఇద్దరు దేవుండ్లు మాట్లాడుకొని ఒక్క దినం జేసుకుంటె ఏం పోయింది?" అని అమ్మ గొణిగేది. ఆమె బాధ దేవుళ్ళతో కాదు, పొయ్యితో. పక్కింటివాళ్ళు నన్ను చూసి "మీ ఇంట్ల కొత్త మతం పుట్టిందట గద" అని నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అయినా లోపల కాస్త గర్వంగా ఉండేది, పుట్టించింది నేనే కదా.

ఒక మధ్యాహ్నం నా తలకు నూనె పెడుతుంటే అడిగాను, "గింత పంతమెందుకు నాయినమ్మా?" అని. నూనె గిన్నె పక్కన పెట్టి చెప్పింది. ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాయినమ్మను పూడుస్తుంటే చూసిందట. "మా ముసలామె పీట మీద కూసున్నట్టే కూసున్నది బిడ్డా. చేతుల లింగం, ఒళ్ళె విభూతి. ఇప్పుడే కండ్లు తెరిచి, బువ్వ తిన్నవానే అంటదేమో అన్నట్టున్నది. నాకు భయమే కాలె. గీ ఇంటికొచ్చినంక మా అత్తను కాలవెట్టంగ దూరం నుంచి చూసిన. పండవెట్టి, ముఖం మీద కట్టె పెట్టిన్రు. నాకు ఊపిరాడలె. ఇప్పటికి సుత కలలకొస్తది."

"తాతకు చెప్పినవా?"

"పెండ్లైన ఏడాదే చెప్పిన. అప్పుడు చూద్దాం తీయ్ అన్నడు. ఇంక చూస్తనే ఉన్నడు." మళ్ళీ నూనె గిన్నె అందుకుంటూ అంది, "నాకు కైలాసం అక్కెర లేదు, వైకుంఠం అక్కెర లేదు. మా అవ్వ, మా ముసలామె పోయిన తొవ్వల పోవాలె. ఆడికి పోయినంక ఎవ్వలన్న నన్ను గుర్తుపట్టాలె గద."

అప్పటిదాకా నాకిదంతా తమాషాగా ఉంది. ఆ మాటతో తమాషా పోయింది. ఈమెకు నేను ఏదో ఒకటి చేసి పెట్టాలి అనిపించింది. నాకు చేతనైనది రాయడమే. నోటుబుక్కులోంచి కాగితం చింపి, బడిలో నేర్పిన సెలవు చీటీ పద్ధతిలో రాశాను. "కుటుంబ పెద్దలకు విన్నవించుకొనునది ఏమనగా, నా మతము విభూతి అగుట వలన, మరణానంతరము నన్ను కూర్చుండబెట్టి ఖననము చేయవలసిందిగా ప్రార్థించుచున్నాను. ఇట్లు, తమ విధేయురాలు."

చదివి వినిపించాను. "ఖననము మంచిగున్నది" అని మెచ్చుకుంది. "విధేయురాలు అంటె ఏంది?"

"చెప్పినట్టు వినేది."

"గది కొట్టెయ్యి."

కొట్టేశాను. బొటనవేలికి నా సిరానే పూసి వేలిముద్ర వేసింది. కాగితాన్ని తీసుకుపోయి తాత ముందు పెట్టాం. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని మొత్తం చదివి, నాలుగు మడతలు పెట్టి తిరిగిచ్చాడు. "కాయితం. చీమలు కొరుకుతయి."

నాయినమ్మ ఆ మాట కోసమే కాచుకున్నట్టుంది. కొంగు చాటు నుంచి చెంబు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. "అయితె ఇత్తడి మీదనే కొట్టు."

"ఉలి మొద్దువారింది" అన్నాడు తాత.

ఆ ఉలి నాలుగేళ్ళు మొద్దుగానే ఉంది. ఊరందరి పేర్లూ కొట్టేది, ఆ చెంబు దగ్గరికి వచ్చేసరికి మొద్దువారేది. ఆయన మొండివాడని అనుకునేదాన్ని. బాపు అంతకంటే మొండి. "నామాలోల్ల ఇంట్ల బొందవెట్టుడేంది? నలుగురు నవ్వరా? రేపు కర్మ చేసెటోన్ని నేను. ఎవ్వల మంత్రం చదవాలె?" అనేవాడు. అదీ నిజమే. తల్లి ఒకలాగా, తండ్రి ఒకలాగా పోతే నడుమ నిలబడేది ఆయనే. కానీ పదహారేళ్ళ వయసులో నాకు ఎదుటివాడి నిజం కనబడితే కదా. తండ్రీకొడుకులిద్దరి మీదా కోపంతో వారం రోజులు దుకాణంలోకి టీ తీసుకుపోలేదు. వాళ్ళు హోటల్ నుంచి తెప్పించుకుని హాయిగా తాగారు. నా పోరాటం అట్లా ముగిసింది.

నేను డిగ్రీలో ఉండగా, ఒక వానాకాలం, నాయినమ్మకు ఊపిరి అందకుండా పోయింది. పొద్దున పది గంటలకు రిక్షాలో వేసుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. బాపు డాక్టరు కోసం లోపలికి ఉరికాడు. తాత, నేను చీటీ రాసే కిటికీ దగ్గర నిలబడ్డాం. వెనకాలే చక్రాల మంచం మీద నాయినమ్మ, కళ్ళు మూసుకుని, ఈల వేసినట్టు ఊపిరి తీస్తోంది. కిటికీలో గుమాస్తా తలెత్తకుండా అడుగుతూ రాసుకుంటున్నాడు. పేరు, వయసు, ఊరు.

"మతం?"

తాత వెనక్కి తిరిగి చక్రాల మంచం వైపు చూశాడు. గుమాస్తా తనకు తానే "హిందూ" అనుకుంటూ రాయబోయాడు.

"ఆగు సారు" అన్నాడు తాత. "ఆమెది వేరే."

గుమాస్తా అప్పుడు తలెత్తాడు. తాత నొసటి మీది నామం చూశాడు. "వేరే అంటే?"

"నాది నామం. ఆమెది విభూతి. యాభై ఏండ్ల సంది నా ఇంట్లనే ఉన్నది గని, ఆమెది ఆమెదే. ఏమన్న అయితె కాలవెట్టద్దు, కూసోవెట్టాలె. జర మంచిగ రాసుకో సారు, మల్ల లోపటోల్లకు తెల్వకపోతె ఎట్ల?"

ఆయన ఏమనుకున్నాడో నాకప్పుడు అర్థమైంది. దవాఖాన వాళ్ళు మతం అడిగేది ఆ పని కోసమేనని, పోయిన మనిషిని ఎట్లా సాగనంపాలో చూసుకోవడానికేనని ఆయన నమ్మాడు. ఇంకెందుకు అడుగుతారు మరి? ఆ గడికి నాకు తెలిసిన అర్థాలన్నింటికంటే అదే నయం. వరుసలో వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. గుమాస్తా నవ్వలేదు. "పెద్దాయనా, ఇది దవాఖాన. ఇక్కడ బతికిస్తరు. నువ్వు ఫికర్ చేయకు" అని చీటీ చేతికిచ్చాడు. నాకు ఏడుపు ఆగలేదు, అక్కడే కిటికీ పట్టుకుని ఏడ్చాను.

బతికించారు. పది రోజులకు నాయినమ్మ ఇంటికి వచ్చింది. రిక్షా దిగి, గోడ పట్టుకుని దుకాణం మెట్టెక్కి, తాత ముందు నిలబడి అన్న మొదటి మాట, "పది మంది ముందట నీ నోటితోనే అన్నవ్."

"జరంల ఏమో ఇన్నవ్ నువ్వు."

"నాకు ఊపిరాడలె గని చెవులు మంచిగనె పనిచేసినయ్. నోటిమాట గాలికి పోతది గద? పోకముందే కొట్టు." చెంబు తెచ్చి ఒళ్ళో పెట్టింది.

తాత ఈసారి ఉలి పేరు ఎత్తలేదు. చెంబును అటూ ఇటూ తిప్పి, నామం ఉన్న వైపు కిందకు పెట్టి, అవతలి వైపు మూడు అడ్డగీతలు కొట్టాడు. పది నిమిషాల పని. ఆయన ఆ మధ్యాహ్నమంతా కొట్టాడు. చుక్క పెట్టడం, బొటనవేలితో తడమడం, మళ్ళీ చుక్క పెట్టడం. వచ్చిన గిరాకీని "రేపు రా" అని పంపేశాడు. అయ్యాక చింతపండుతో తోమించి, పరదా ఎత్తి, "ఇనవడ్తాందా? నీ మతం తీస్కపో" అన్నాడు. నాయినమ్మ ఆ రోజంతా అవసరం లేకపోయినా నీళ్ళు తాగింది. బాపు అదంతా చూశాడు.

ఆ తర్వాత రెండేళ్ళకు, ఎండాకాలంలో, గద్దె మీద కూర్చున్న తాత కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ఒళ్ళో సగం పేరు కొట్టిన తాంబాలం ఉంది. నామాల పద్ధతిలో ఆయనను కాల్చి వచ్చారు. నాయినమ్మ గట్టిగా ఏడవలేదు. వచ్చినవాళ్ళందరికీ నీళ్ళిచ్చినవా లేదా అని అమ్మను అడుగుతూ కూర్చుంది.

అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి తొర్రూరు బళ్ళో చేరాను. చెప్పేది సోషలే. శనివారం బడి అయ్యాక బస్సెక్కి వచ్చేదాన్ని. తాత కర్మలన్నీ అయిపోయిన తర్వాతి శనివారం నేను కాళ్ళు కడుక్కుని రాగానే నాయినమ్మ దగ్గర కూర్చోబెట్టుకుంది. "నువ్వు పిల్లలకు చెప్తానవ్ గద. ఒగటి అడుగుత చెప్పు. రెండు మతాలోల్లు సచ్చినంక ఒక్క తాన కలుస్తరా?"

నేను కాళ్ళు తుడుచుకోవడం ఆపి ఆమె వైపు తిరిగాను.

"ఆయన పొగై మీదికి పోయిండు. నేను మట్టిల కూసుంట. ఆయన మీద, నేను కింద. ఎట్ల బిడ్డా? గిది నాకు ముందు తోచలె. నీ పుస్తకంల ఏమన్న ఉన్నదా?"

"నాకు తెల్వది నాయినమ్మా" అన్నాను. ఆమె అడిగినదానికి నేను ఆ జవాబు చెప్పడం అదే మొదటిసారి. మూడు సంగతులట, వేళ్ళు మడిచి లెక్కపెట్టడమట. ఆ సోషల్ సారు కనబడితే కొట్టేంత కోపం వచ్చింది. పాపం ఆయనదేం తప్పు, వాగింది నేను. "పోనీ, నిన్ను సుత తాత తీరుగనే చేయుమని బాపుకు చెప్పనా?" అని మెల్లగా అడిగాను.

చెంబును ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. ఒక వైపు నామం, ఒక వైపు విభూతి. "వద్దు బిడ్డా" అంది చివరికి. "పంతం పట్టి అడిగి తెచ్చుకున్న. ఆయన కొట్టి ఇచ్చిండు. ఇప్పుడు నేను అక్కెర లేదంటె ఆయన మాట ఇజ్జత్ ఏం గావాలె?" ఇంకాసేపటికి ఆమె ముఖంలో ఎప్పటి ఎకసెక్కం తిరిగొచ్చింది. "అయినా నేను కూసునే ఉంట గద. పండుకున్నోల్లకు లేసుడు కష్టం గని, కూసున్నదానికేంది? ఆయన ఇనవడ్తాందా అంటడు. నాకు ఇనవడుతది. లేసి పోత."

నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. పరదా అవతల బాపు తక్కెడలు తుడుస్తున్న చప్పుడు కాసేపు ఆగినట్టు మాత్రం అనిపించింది.

నాయినమ్మ ఇంకో మూడేళ్ళుంది. ఒక చలికాలం పొద్దున అమ్మ చాయ్ తీసుకుపోతే లేవలేదు. కబురు అంది నేను తొర్రూరు నుంచి వచ్చేసరికి వాకిట్లో కులపెద్దలు కూర్చుని ఉన్నారు. అనుకున్నట్టే ఒకాయన మొదలుపెట్టాడు. "నామాలోల్ల ఇంటి ముసలామెను బొందవెట్టుడేంది? గిది ఏడన్న ఉన్నదా?"

నేను కయ్యానికి సిద్ధమయ్యాను. పదో తరగతి నుంచి దాచుకున్న మాటలు నోటి దాకా వచ్చాయి. వాటి అవసరమే పడలేదు. బాపు లోపలికి పోయి చెంబు తెచ్చి, విభూతి వైపు వాళ్ళకు కనబడేటట్టు అరుగు మీద పెట్టాడు. "మా నాయిన కొట్టిండు" అన్నాడు. వాళ్ళందరి ఇళ్ళలో గిన్నెల మీద ఉన్నవి ఆయన కొట్టిన పేర్లే. ఒకాయన లేచి, విభూతి ఇళ్ళలో కర్మలు చేయించే జంగమయ్యకు కబురు పంపాడు. చెంబును కూడా ఆమెతోనే పెడదామని ఎవరో అంటే అమ్మ ఒప్పుకోలేదు. "మంచి ఇత్తడి మట్టిల వెయ్యకుర్రని అత్తమ్మ ముందే చెప్పింది" అంది. అరవై ఏళ్ళు బోళ్ళ దుకాణంలో కాపురం చేసిన మనిషి, అనే ఉంటుంది. ఆ చెంబు ఇప్పుడు నా దగ్గరుంది.

ఆడవాళ్ళు అక్కడికి రాకూడదన్నారు. నేను విననని వాళ్ళకూ తెలుసు. గుంత ఒడ్డున నిలబడి చూశాను. జంగమయ్య, ఇంకో ఇద్దరు కలిసి నాయినమ్మను జాగ్రత్తగా దింపి కూర్చోబెట్టారు. నొసటి మీద మూడు అడ్డగీతలు. ఆమె చెప్పింది నిజమే, పీట మీద కూర్చున్నట్టే ఉంది. నాకు భయం వేయలేదు. జంగమయ్య దిక్కు చూసుకుని, ముఖం ఉత్తరానికి సరిచేసి, విభూతి సంచి విప్పబోయాడు.

"అయ్యా, జర ఆగుర్రి" అన్నాడు బాపు. చేయి చాచి, చింతచెట్ల అవతల కట్టెలు పేర్చే జాగా చూపించాడు. "మా నాయినను ఆడ కాలవెట్టినం. మా అవ్వను జర అటు తిప్పుతరా?"

"ఉత్తరం ముఖం పెట్టుడు మా పద్ధతి" అన్నాడు జంగమయ్య.

"ఎరుకే. జరంతనే."

జంగమయ్య బాపు ముఖం వైపు చూశాడు, ఆ చింతచెట్ల వైపు చూశాడు. తర్వాత గుంతలోకి వంగి, రెండు చేతులతో నాయినమ్మ భుజాలు పట్టుకుని, జర అటు తిప్పాడు.